జ్యూరీకి చెప్పిన మాట, జడ్జి తనకు చెప్పుకొను మాట
(భీమవరమున చేసిన స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృతికై ఈ ధర్మనిధి ఏర్పడినదో ఆ ప్లీడరుగారికి తమ పేరు సభలలో పదే పదే వినబడుట జీవించియున్నప్పుడే గిట్టెడిది కాదని వారి నెరిగినవారు చెప్పుదురు. కావున వారి గుణవర్ణనము చేయక, వారి వృత్తి యంతయు ఏ ప్రశ్న చుట్టును తిరిగినదో ఆ ప్రశ్ననే చేపట్టుచున్నాను. ఒక మనుష్యుడు నేరము చేసెనని న్యాయస్థానము నమ్ముటకు ఎంత రుజువు కావలెను? ఆ 'ఎంత' అనునది ఎవరు, ఎవరికి, ఏ రీతిని చెప్పవలెను? మొదటి ప్రశ్న నేడు సినిమాలలో సైతము వినబడుచున్నది. సంశయలాభమను మాట తెలియని ముద్దాయి మన జిల్లాలో ఉండడు. రెండవ ప్రశ్నను మాత్రము మనము జ్యూరీతోపాటు పాతిపెట్టితిమి. జ్యూరీని పాతిపెట్టుట మంచిదేయని నా అభిప్రాయము; ఆ ప్రశ్నను పాతిపెట్టుట మంచిది కాదని చెప్పుటకు వచ్చితిని.

దొరల జ్యూరీ మన దక్షిణదేశమున అడుగుపెట్టిన తొలిదినములలోనే ఈ రెండవ ప్రశ్న తలయెత్తినది. 1665లో చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలో అసెన్షియా డాస్ అను స్త్రీ తన బానిసపిల్లను చంపినదన్న అభియోగముపై విచారణ జరిగెను. విచారణకు పెద్దయైన ఫాక్స్‌క్రాఫ్టు కంపెనీ వర్తక వ్యవహారములు చూచువాడే గాని న్యాయశాస్త్రము చదివినవాడు కాడు. సాక్ష్యము విన్న జ్యూరీ హత్యానేరము నిజమే గాని అభియోగపత్రములో చెప్పిన తీరున, చెప్పిన రూపమున కాదని వింతగా పలికినది. అట్టి మాటను ఏమి చేసికొనవలెనో పెద్దకు తెలియలేదు. దోషియో నిర్దోషియో ఒక్క మాటలో తేల్చుడని మరల అడుగగా నిర్దోషి యనిరి. ఆమె ఇంటికి పోయినది. చనిపోయిన పిల్ల ఎట్లు చనిపోయినదో మూడున్నర శతాబ్దములు గడచినను మనకు తెలియదు. అక్కడ కొరవడినది సాక్ష్యము కాదు, జ్యూరీ బుద్ధియు కాదు. హత్య యనగా ఏయే అంగములు కలది, వానిలో ఏది రుజువు కానిచో ముద్దాయిని విడిచిపెట్టవలెను అని ముందుగా వారికి చెప్పువాడు కొరవడెను.

మొఫసలు సెషన్సు కోర్టులలో జ్యూరీని ప్రవేశపెట్టుటకు 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు వీలు కల్పించినది; ఏ జిల్లాలో, ఏ నేరములకు అన్నది ప్రభుత్వపు చిత్తమునకు విడిచినది. 1898 కోడులోని 269వ సెక్షను ఆ ఏర్పాటునే నిలిపినది. మదరాసు రాజధానిలో జ్యూరీకి అప్పగించినవి ప్రధానముగా దొంగతనము, దోపిడి మొదలగు ఆస్తి నేరములు. మిగిలిన సెషన్సు కేసులలో జడ్జికి తోడు అసెసర్లు కూర్చుండెడివారు. అసెసరు తన అభిప్రాయము చెప్పవచ్చును; 309వ సెక్షను ప్రకారము జడ్జి దానికి కట్టుబడ నక్కరలేదు. ఒకే విచారణలో రెండు తరగతుల నేరములును కలసివచ్చినప్పుడు కోడు చూపిన ఉపాయము చూడుడు: ఆ కూర్చున్న పెద్దమనుష్యులే జ్యూరీ నేరమునకు జ్యూరర్లు, తక్కిన నేరమునకు అసెసర్లు. ఒకే బల్లపై కూర్చుండి, ఒకే సాక్ష్యము విని, సొత్తు ఎవరెత్తుకొనిపోయిరన్న విషయమున వారు పలికిన మాట తీర్పు. ప్రాణమెవరు తీసిరన్న విషయమున అదే నోటి మాట సలహా. ప్రాణము సొత్తుకన్న విలువైనది గనుక అట్లు చేసితిమని దొరలు సమర్థించుకొనియుందురు. సొత్తు సంగతిలో మనవారి తెలివిని నమ్మవచ్చునని వారికి తోచెననియే నేననుకొందును. ఆ పెద్దమనుష్యులును అందరిలోనుండి ఏరినవారు కారు. 319వ సెక్షను ఇరువదియొకటి మొదలు అరువది యేండ్లలోపు పురుషులనే పిలిచినది. స్త్రీ సాక్షి కావచ్చును, ముద్దాయి కావచ్చును, చంపబడవచ్చును. తీర్పు చెప్పు బల్లపై మాత్రము ఆమెకు చోటు లేదు.

సాక్ష్యము ముగిసి, ఉభయపక్షముల వాదములును అయిన పిమ్మట జడ్జి జ్యూరీవైపు తిరిగి చేయు ప్రసంగమును వకీళ్లు ఛార్జి అనెడివారు. అభియోగమునకును అదే పేరు గనుక, తికమక లేకుండుటకు నేను నిర్దేశమందును. 297వ సెక్షను ప్రకారము అందులో సాక్ష్యమును సంగ్రహించి చెప్పవలెను, జ్యూరీ ఏ శాసనమును పట్టి నడువవలెనో అదియు వివరించవలెను. ఏ సాక్ష్యము చెల్లును, ఏది చెల్లదు అను తగవు జడ్జిది. సాక్ష్యమును బట్టి ఏది నిజమో తేల్చుట జ్యూరీది. జ్యూరీ కారణములు చెప్పదు. జడ్జియు తీర్పు వ్రాయనక్కరలేదు. తాను చేసిన నిర్దేశములోని ముఖ్యాంశములను మాత్రము కాగితముపై పెట్టిన చాలునని 367వ సెక్షను. అప్పీలుకు పోదమన్న, 418వ సెక్షను శాసన విషయముపై మాత్రమే అప్పీలన్నది. జడ్జి నిర్దేశములో దోషమున్నప్పుడో, ఆయన చెప్పిన శాసనమును జ్యూరీ అపార్థము చేసికొన్నప్పుడో తప్ప వారి తీర్పును తిరుగవేయవలదని 423వ సెక్షను అడ్డుపడినది. ఇన్ని అడ్డుల మధ్య అప్పీలు వకీలు చేతిలో మిగిలినది ఆ ముఖ్యాంశముల కాగితమొక్కటే. దానిని పంక్తి పంక్తిగా వడగట్టి, జడ్జి ఇచ్చట భారమును తారుమారు చేసెను, ఇచ్చట తోడుదొంగ సాక్ష్యము విషయమున హెచ్చరించుట మరచెను, ఇచ్చట తన అభిప్రాయమును శాసనమన్నట్లు పలికెను అని ఎత్తిచూపుటలో ఒక తరము వకీళ్లు ఆరితేరిరి. రుజువును గూర్చి నేడు మనము సిద్ధాంతములుగా వల్లించునవి అనేకములు అట్టి కాగితములపై జరిగిన కలహములనుండి పుట్టినవే.

వానిలో లోకప్రసిద్ధమైనది ఇంగ్లండులో పుట్టినది. వుల్‌మింగ్టన్ అను ఇరువదియొక్క యేండ్ల వ్యవసాయపు కూలి తన్ను విడిచి పుట్టింటికి పోయిన భార్యను తుపాకితో కాల్చిన నేరమున పట్టుబడెను. ఆమెను బెదరించి తెచ్చుకొందమని తుపాకి తీసికొనిపోతిని గాని అది తనంత తాను పేలినదని అతని మొర. కాల్చుట రుజువైన పిమ్మట అది దుర్బుద్ధితో చేసినది కాదని చూపు భారము ముద్దాయిదేయని విచారణ జడ్జి జ్యూరీకి చెప్పెను, జ్యూరీ దోషి యన్నది, ఉరిశిక్ష పడినది. 1935లో ప్రభువుల సభ ఆ శిక్షను కొట్టివేయుచు, నేరమును రుజువు చేయు భారము ఆద్యంతము ప్రాసిక్యూషనుదేయని లార్డ్ శాంకీ నోట పలికించినది. ఒక కూలివాని మెడ ఉరిత్రాటినుండి తప్పించినది క్రొత్త సాక్ష్యము కాదని గమనింపుడు. సాక్ష్యమంతయు ఎప్పటిదే, జడ్జి జ్యూరీకి చెప్పిన ఒక్క మాట తప్పని తేలినది.

సంశయము తీరనప్పుడు ఏమి చేయవలెనన్నది మన పూర్వులకును ఎదురైన చిక్కే. మితాక్షరను కేతన పదుమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి దింపెను. ఆ ధర్మశాస్త్ర సంప్రదాయమున లిఖితము, భుక్తి, సాక్షులు మానుష ప్రమాణములు. అవి లేనిచో త్రాసు, అగ్ని, జలము, విషము, కోశము అను దివ్యములు. మనుష్యుని తెలివికి అందని దానిని దైవమునకు విడుచుట ఆ పద్ధతి. ఇప్పటి పద్ధతి దానిని ముద్దాయికి విడుచును. కాలిన చేతిని చూచి తీర్పు చెప్పుటకన్న ఇది మేలనుటకు వాదము అక్కరలేదు; కాని సంశయము మిగిలినదా లేదా యని తేల్చు పని దైవము చేతినుండి మనుష్యుని చేతికి వచ్చినదనియు, ఆ మనుష్యునకు ఎవరైన దారి చూపక తప్పదనియు మరువరాదు.

ఇక మన చట్టమునకు వత్తము. స్టీఫెన్ వ్రాసిన 1872 నాటి సాక్ష్య చట్టములో 'సహేతుకమైన సంశయము' అను మాట ఎక్కడను లేదు. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమములోను లేదు. ఉన్నది వివేకి. ఎదుటనున్న విషయములన్నిటిని ఆలోచించి న్యాయస్థానము ఒక సంగతిని నమ్మవలెను, లేదా ఆ కేసు పరిస్థితులలో వివేకవంతుడు అది నిజమని యెంచి పని సాగించుటకు చాలినంత సంభావ్యముగా దానిని భావించవలెను, అప్పుడది రుజువైనట్లు. సివిలు దావాకును ఇదే, హత్య కేసునకును ఇదే. ఇదేమి సమానత్వమని విద్యార్థులు వెరగుపడుదురు. వెరగంతయు 'ఆ కేసు పరిస్థితులలో' అను మాటను దాటిపోవుటవలన వచ్చినది. ఈ ప్రాంతపు రైతు చేబదులుగా వేయి రూపాయలిచ్చునప్పుడు ముఖము చూచి యిచ్చును. ఎకరము చెరువు కొనునప్పుడు లింకు దస్తావేజులు, ఈసీ, సరిహద్దులు, అమ్మువాని అన్నదమ్ముల సంతకములు చూచి, అప్పటికిని మనసు నిలువక మరియొక ప్లీడరుకు చూపించును. మనిషి ఒకడే, పోవునది పెరిగినకొలది అతని వివేకము అడుగు రుజువు పెరుగును. అప్పు పోయిన మరల సంపాదించుకొనవచ్చును. పదునాలుగేండ్లు జైలులో గడచిన యౌవనమును ఎవరును తిరిగి యీయలేరు. సంశయాతీతమైన రుజువనునది వివేకి ప్రమాణమునకు వెలుపలినుండి తెచ్చి అతికించినది కాదు. ప్రాణస్వాతంత్ర్యములు పణముగా నున్నప్పుడు ఆ వివేకి తానే అడుగునట్టిది.

చిక్కు ఆ 1872 చట్టపు 105వ సెక్షనుతో వచ్చినది. శిక్షాస్మృతిలోని మినహాయింపులలో ఏదేని తనకు వర్తించునని ముద్దాయి అన్నచో, అట్టి పరిస్థితులున్నవని రుజువు చేయు భారము అతనిదే. కోర్టు అవి లేవనియే యెంచవలెను. నాటి శిక్షాస్మృతి 80వ సెక్షనులోని ప్రమాదవశ కృత్యము అట్టి మినహాయింపే. అట్లయిన వుల్‌మింగ్టన్ మన దేశమున పుట్టియుండిన ఉరికంబమెక్కవలసినదేనా? ప్రభువుల సభ ఒక చేత ఇచ్చినదానిని మన చట్టము రెండవ చేత లాగుకొన్నదా? ఈ ముడిని విప్పినవాడు మన గోదావరి బిడ్డ.

కోకా సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, మదరాసులో వకీలుగా పేరు గడించి, 1948లో అక్కడి హైకోర్టు జడ్జియై, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టునకు పోయిరి. 1966లో ప్రధాన న్యాయమూర్తి పదవి నధిష్ఠించి, మరుసటి యేడు గోలక్‌నాథ్ తీర్పు వెలువరించి, రాష్ట్రపతి పదవికి పోటీచేయుటకై రాజీనామా యిచ్చిరి. గోలక్‌నాథ్ వలన ఆయనను రాజ్యాంగ పండితులే స్మరింతురు. క్రిమినలు వకీలునకు ఆయన నిత్యావసరమైనది 1961 నవంబరు 24 నాటి నానావతి తీర్పువలన.

కథ అందరు విన్నదే గనుక క్లుప్తముగా చెప్పుదును. 1959 ఏప్రిల్ 27న నౌకాదళాధికారి నానావతి, తన భార్య ప్రేమ్ అహూజాయను వానితో కూడియున్నదని ఆమె నోటనే విని, ఆమెను పిల్లలను సినిమాకు దిగవిడిచి, ఓడకు పోయి, అబద్ధపు కారణము చెప్పి రివాల్వరును తూటాలను తీసికొని, అహూజా ఆఫీసుకు పోయి, అక్కడ లేడని తెలిసి ఇంటికి పోయెను. పడకగదిలో మూడు గుండ్లు పేలినవి. పెనుగులాటలో ప్రమాదవశమున పేలినవని అతని మొర. స్నానముచేసి వచ్చిన మృతుని నడుమునకున్న తువాలు ఆ పెనుగులాటలో ఊడిపోలేదు. బొంబాయి సెషన్సు కోర్టులో జ్యూరీ ఎనిమిదిమంది నిర్దోషియనిరి, ఒకడు కాదనెను. జడ్జి ఆ తీర్పుతో ఏకీభవింపక 1898 కోడులోని 307వ సెక్షను ప్రకారము హైకోర్టునకు నివేదించెను, హైకోర్టు శిక్షించినది, సుప్రీంకోర్టు దానిని నిలిపినది.

హైకోర్టు ఆ జ్యూరీ తీర్పును ఏ దారిన త్రోసివేయగలిగినది? ఇచ్చటను జడ్జి నిర్దేశములోని దోషములే దారి చూపినవి. ప్రాసిక్యూషను నేరమును రుజువు చేయవలెనని జడ్జి చెప్పెను గాని, ప్రమాదమను మినహాయింపును చూపు భారము 105వ సెక్షను ప్రకారము ముద్దాయిదని చెప్పలేదు. ఆ మినహాయింపునకు ఏయే అంగములు కావలెనో విప్పలేదు. వుల్‌మింగ్టన్ కేసునకును దీనికిని ఉన్న పోలిక, భేదము రెండును చూడదగినవి. రెండు చోట్లను తుపాకి, రెండు చోట్లను ప్రమాదమన్న మొర, రెండు చోట్లను నిర్దేశదోషము. అక్కడ దోషము ముద్దాయిని ముంచబోయినది. ఇక్కడ ముద్దాయిని తేల్చినది.

సుబ్బారావుగారు చేసినది ఏమనగా, రెండు భారములను రెండు అంతస్తులలో నిలిపిరి. ముద్దాయి నిర్దోషియన్న భావనతో విచారణ మొదలగును. నేరపు అంగములన్నిటిని సంశయాతీతముగా రుజువు చేయు భారము ప్రాసిక్యూషనుది. అది ఎన్నడును చేతులు మారదు. మినహాయింపును చూపు భారము ముద్దాయిది. అది చూపలేకపోయిన ఆ మినహాయింపు అతనికి దక్కదు. కాని అంతటితో అతని కథ ముగియదు. మినహాయింపుకై అతడు తెచ్చిన సాక్ష్యము, మినహాయింపును నిలుపలేకపోయినను, అసలు నేరపు అంగములలో ఒకదానిపై సహేతుకమైన సంశయమును కలిగింపవచ్చును. కలిగించెనా, అతడు విడుదల కావలసినదే. 1964లో దాహ్యాభాయి కేసున మతిభ్రంశమును గూర్చి వ్రాయుచు ఆయన ఇదే మాటను మరింత తేటపరచిరి: తాను వివేకము కోల్పోయితినని ముద్దాయి పూర్తిగా నిరూపింపలేకపోవచ్చును, అయినను హత్యకు కావలసిన దుర్బుద్ధి అతనికి ఉండెనా అను సంశయమును రేపుటకు ఆ సాక్ష్యము చాలవచ్చును. నానావతికి ఈ రెండవ అంతస్తును సాయపడలేదు. భార్య చెప్పిన మాటకును తుపాకి పేలుటకును నడుమ సుమారు మూడు గంటలు. ఆ మూడు గంటలలో అతడు చేసిన పనులన్నియు నెమ్మదిగా ఆలోచించి చేసినవి. క్షణికోద్రేకమన్న మొరయు నిలువలేదు.

నానావతివలననే జ్యూరీ అంతరించినదని ఒక కట్టుకథ పత్రికలలో తిరుగుచున్నది. సెతల్వాడ్ అధ్యక్షతన న్యాయ సంఘము తన పదునాలుగవ నివేదికలో జ్యూరీని ఎత్తివేయుడని 1958లోనే, అనగా ఆ గుండ్లు పేలుటకు ముందే, చెప్పియుండెను. అసెసర్లు అంతకు ముందే, 1955 నాటి సవరణతో పోయిరి. జ్యూరీ మాత్రము అక్కడక్కడ కొన ఊపిరితో నిలిచి, 1973 నాటి కోడుతో పూర్తిగా పోయినది. పారసీల వివాహ వ్యాజ్యములలో డెలిగేట్లను పేర దాని నీడ మాత్రము మిగిలినది. పోయినందుకు నాకు విచారము లేదు. పలుకుబడి గల ఇండ్ల పురుషులు, తమకు తెలిసిన కులములవారిని, తమ పొలములలో పనిచేసినవారి బిడ్డలను, కారణము చెప్పనక్కర లేకుండ దోషులనియు నిర్దోషులనియు నిర్ణయించు పద్ధతి మన గ్రామములకు తగినది కాదు. కారణములు వ్రాసి సంతకము చేయు జడ్జి ఎంత తప్పినను, ఆ తప్పు కాగితముపై కనబడును.

అయితే ఒక చిక్కును మనము చూడక దాటితిమి. సాక్ష్య చట్టములో సగము, ఏది వినకూడదో చెప్పునది. జ్యూరీ ఉన్నప్పుడు, చెల్లదని తేలిన మాటను జడ్జి వారి చెవిన పడనీయకుండ ఆపగలడు. ఇప్పుడు చెల్లునా చెల్లదా యని తేల్చువాడును, నేరము చేసెనా లేదా యని తేల్చువాడును ఒక్కడే. చదివినగాని చెల్లదని చెప్పలేడు. చదివిన పిమ్మట చదువనట్లుండవలెను.

మన తీరమునుండి ప్రీవీ కౌన్సిలునకు పోయిన రెండు కేసులు ఈ చిక్కునే చూపును. పిఠాపురమున దివానుగారి కొలువులో ప్యూనుగా నున్న ఒకడు, ఆ దివాను కుమార్తె తన వద్ద తీసికొన్న అప్పు రాబట్టుకొనుటకై 1937 మార్చిలో బరంపురమునకు రైలెక్కెను. రెండు దినములకు పూరీ స్టేషనులో, దిక్కులేక మూడవ తరగతి పెట్టెలో మిగిలిన ఇనుపపెట్టెలో అతని శరీరము ఏడు తునకలుగా దొరకినది. ఆ దివాను అల్లుడు పాకాల నారాయణస్వామి ముద్దాయి. ఆ ప్యూను మా యింటికి వచ్చి మరునాడు వెడలిపోయెనని అతడు పోలీసులతో చెప్పియుండెను. 1939లో లార్డ్ ఆట్కిన్, పోలీసు దర్యాప్తులో ముద్దాయి చెప్పిన ఆ మాట క్రిమినలు ప్రొసీజరు కోడు 162వ సెక్షను ప్రకారము చెల్లదనెను; బరంపురము పోవుచున్నానని మృతుడు భార్యతో చెప్పిన మాట మాత్రము మరణమునకు దారితీసిన సందర్భములకు చెందినది గనుక చెల్లుననెను; చెల్లనిదానిని తీసివేసినను మిగిలినది చాలునని అప్పీలును కొట్టివేసెను. తీసివేసి తూచుట యన్న ఇదే. అది లండనులో, వేయి ఆమడల దూరమున కూర్చున్నవారికి సులభము. ఇనుపపెట్టె ఎదుట పెట్టుకొని కూర్చున్న సెషన్సు జడ్జికి అంత సులభము కాదు.

రెండవది గుంటూరు జిల్లాలోని కక్షల హత్య. పులుకూరి కోటయ్య కేసు. పొడిచితిని, ఈటెను ఫలానిచోట దాచితిని, వచ్చిన చూపుదును అని ముద్దాయి పోలీసులతో చెప్పినదానిలో, దాచినచోటును చూపుదునన్న భాగమే సాక్ష్య చట్టపు 27వ సెక్షను క్రింద చెల్లునని, పొడిచితినన్నది చెల్లదని సర్ జాన్ బోమాంట్ 1946 డిసెంబరులో తేల్చెను. నేటికిని మన కోర్టులలో మధ్యవర్తుల నివేదికపై వాదమనిన ఆ తీర్పు రావలసినదే. ఒకే వాక్యమును నడుమ కోసి, ఒక సగమును నమ్మి రెండవ సగమును విననట్లు నటింపుమని శాసనము. న్యాయమైన శాసనమే, లేనిచో ఠాణాలో దెబ్బలు తినినవాని నోట వచ్చిన ప్రతి మాటయు ఉరిత్రాడగును. కాని నల్లపెన్సిలుతో గీత గీసి, ఈ గీతకు ఇవతలిది నేను లెక్కింపను అని జడ్జి తనకు చెప్పుకొని, ఆ చెప్పుకొన్నది వ్రాసినగాని, లెక్కింపలేదని మనకు ఎట్లు తెలియును?

నమ్మకము ఎంత సులభముగా పుట్టునో గురజాడ కన్యాశుల్కములో చూపెను. లుబ్ధావధానులు పెండ్లికూతురిని చంపెనని కేసు లేచినది. ఊరు నమ్మినది, పోలీసు సాక్ష్యము కూడబెట్టినది. చచ్చినదన్న పిల్ల అసలు పిల్లయే కాదు, కరటకశాస్త్రి శిష్యుడు ఆడవేషము వేసికొని వచ్చి వేషము తీసి వెడలిపోయెను. నవ్వి ఊరకుందుము గాని, అవధానులవంటి పిసినారి ముసలివానిపై, అందరికి అసహ్యమైనవానిపై, ఎంత తక్కువ రుజువు చాలిపోయెనో అది చూడవలసినది.

సంశయలాభమును గూర్చి మాటలాడువారు దాని ఖరీదును కూడ చెప్పవలెను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. ఆ గ్రామములోనే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానము పదునారేండ్లకు, 2007లో, 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఒక యేడు శిక్షయు విధించినది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు రుజువు చాలలేదని వారందరిని విడిచిపెట్టినది. వివాదము సుప్రీంకోర్టునకు ఎక్కినది. ఎనిమిదిమంది చంపబడిరన్న దానిలో ఎవరికిని సంశయము లేదు. ఎవరు చంపిరన్న దానిలో, ప్రాణభీతితో పరుగెత్తిన సాక్షులు గడియారము చూచుకొనలేదు గనుక సంశయము పుట్టినది. అపరిమితముగా సంశయమును పూజించుట న్యాయమునకు కీడని 1973లో బొబాడే కేసున కృష్ణయ్యరుగారు హెచ్చరించిరి. ఆ హెచ్చరికకు ఎదురుగా మరియొక కేసును పెట్టవలెను. 2007 డిసెంబరులో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నము హాస్టలులో ఒక విద్యార్థిని హత్యకు గురికాగా, పట్టుబడిన బీదయువకునకు 2010లో సెషన్సు కోర్టు శిక్ష వేసినది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా విడిచి, లక్ష రూపాయలు పరిహార మిప్పించినది. అంతవరకు అతడు జైలులో నుండెను. చనిపోయిన పిల్లకును న్యాయము దొరకలేదు. ఈ రెండు కేసులలో సంశయము దర్యాప్తునుండి వచ్చినది. దర్యాప్తు చెడినప్పుడు ప్రమాణమును దించి దానిని సరిచేయుదమనువారు మొదటి కేసునే చూతురు. సంశయమన్నచో చాలును విడిచిపెట్టుడనువారు రెండవ దానినే చూతురు. ఒక జడ్జికి రెండును ఒకే వారములో రావచ్చును.

ఇప్పుడు నా మనవి. జ్యూరీ పోయినను నిర్దేశము పోలేదు, వినువాడు మారెను. పూర్వము ఇతరులకు చెప్పినదానిని జడ్జి ఇప్పుడు తనకు తాను చెప్పుకొనవలెను. ఇతరులకు చెప్పుటకన్న అది కష్టము, ఏలయన ఇతరులు మరచినచో గుర్తుచేయువాడుండెను. మన తీర్పులలో చివరి పేరాలో ప్రాసిక్యూషను నేరమును సంశయాతీతముగా రుజువు చేసినదని ఒక వాక్యముండును. అది నిర్ణయము, నిర్దేశము కాదు. నిర్దేశము సాక్ష్య చర్చకు ముందుండవలెను: ఈ నేరమునకు అంగములివి, వీనిలో వివాదపడినది ఇది, దీని భారము ఫలానివారిది, ఈ వాంగ్మూలములోని ఈ భాగము చదివితిని గాని త్రోసివేసితిని, ఈ సాక్షి తోడుదొంగ గనుక వేరొక ఆధారము లేక నమ్మను. అట్టి పేరా లేకపోవుటయో, ఉండి తప్పగుటయో పూర్వపు నిర్దేశదోషమువలె అప్పీలులో విడిగా ఎత్తదగిన శాసనదోషము కావలెను. ఇది పనిభారమును పెంచుననుట నిజమే. రోజుకు ఎన్ని కేసులు జడ్జి బల్లపైకి వచ్చునో ఎరుగనివాడను కాను. కాని ఆ ఒక్క పేరా ముందు వ్రాసినవాడు తరువాతి నలువది పేజీలలో సగమును వ్రాయనక్కర లేదని నా అనుభవము.

ఇట్టి నిర్దేశమును వినవలసిన సామాన్యుడు ఒకడు ఇంకను కోర్టులో మిగిలియున్నాడు. తీర్పు సారాంశమును ముద్దాయికి తెలిసిన భాషలో వివరించుట 1973 కోడులో ఒక పద్ధతిగా విధింపబడినది. శిక్షపడినవాడు కోరినచో తీర్పు ప్రతిని సాధ్యమైనంతవరకు అతని భాషలోనే, ఖర్చు లేకుండ ఈయవలెనని 363వ సెక్షను. ఆ హక్కు ఆ కోడు స్థానమున వచ్చిన నేటి సంహితలోను ఉన్నది, వాడుకొన్నవారే తక్కువ. ఈ బారులోని యువ న్యాయవాదులు శిక్షపడిన ప్రతి కేసులోను తెలుగు ప్రతికి దరఖాస్తు పెట్టుడు. అది చేతికి వచ్చినప్పుడు ముద్దాయిని, అతని తల్లినో భార్యనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏ సంగతిని ఎవరు రుజువు చేయవలసియుండెనో ఏ పేజీలో చెప్పబడినదో వెదకుడు. కనబడనిచో, దానిని అప్పీలు మెమోలో మొదటి కారణముగా పెట్టుడు.